పసుపు దారం, నీలం దారం

ఏలూరు, పవర్‌పేట
బుధవారం

అక్కయ్యకు, బావగారికి ఫణికిరణ్ నమస్కారాలు.

ఇక్కడ మేం నలుగురం క్షేమం. ఎప్పుడూ ఐదుగురం అని రాసే చెయ్యి ఈసారి నలుగురం అని రాయడానికి కాస్త ఆగింది. కామవరపుకోటలో మీరు ముగ్గురూ క్షేమమని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. నిజంగా సంతోషించానో లేదో నాకే సరిగ్గా తెలియడం లేదు, ఆ సంగతి కింద రాస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని పోస్టాఫీసులో నన్ను వింతగా చూస్తున్నారు. ఏం చెయ్యను? నీకు ఫోన్ చేస్తే చాలు, పిల్లల్లో ఒకతి లాక్కుని చెవిన పెట్టుకుంటుంది, రెండోది దాని జుట్టు పట్టుకుంటుంది, మూడోది ఇక్కడున్నప్పుడైతే ఎర్ర బటన్ నొక్కేసేది. మనిద్దరం ఫోన్లో చివరిగా మాట్లాడింది "ఒరేయ్ ఫణీ, అసలు సంగతేమిటంటే" దగ్గర తెగిపోయింది. ఆ అసలు సంగతి వారం తర్వాత పోస్టులో వచ్చింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు రాస్తాను. నా నడుము నొప్పి తగ్గలేదు, తగ్గే దారీ లేదు. ఒకతిని దింపితే ఇంకొకతి చేతులు చాస్తుంది. షాపులో పని బాగానే ఉంది. ఎండలు ముదిరాయి కదా, కొల్లేరు చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు రాత్రింబగళ్లు తిరిగి మోటార్లు కాలిపోతున్నాయి. వైండింగుకి వచ్చినవి మెట్ల కింద దాకా పేర్చాను. రమ్య తాడేపల్లిగూడెం ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం మానలేదు. పొద్దున్న పాసింజరుకి వెళ్లి సాయంత్రం వస్తుంది. ఆ మధ్యలో పైన పిల్లలు, కింద మోటార్లు, నాకు సాయానికి పక్కింటి అచ్చాయమ్మగారు.

మీ దగ్గరున్న పిల్ల పప్పన్నం పెడితే ఉమ్మేస్తోందని రాశావు. పప్పు మానేసి, పెరుగన్నంలో అరటిపండు పిసికి పెట్టు. తింటుంది. ఊర్మిళకి పప్పంటే ప్రాణమని మీకు చెప్పి పంపింది నేనే, ఇప్పుడు మాట మారుస్తున్నదీ నేనే. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ఒకే కాన్పులో పుట్టి, అచ్చు గుద్దినట్టున్న ముగ్గురు పిల్లలతో రోజు ఎలా గడిచేదిరా అని అడిగావు. గడిచేదని ఎవరన్నారు? స్నానం చేయించి, తుడిచి, ఒకతిని పక్కన నిలబెట్టి రెండోదాన్ని పట్టుకుని రుద్దేవాణ్ణి. "అయిపోయింది నాన్నా" అనేది. చూస్తే అదీ మొదటిదే. రెండోది మంచం కింద దూరి ఉండేది. ఒకరోజు ఒకతికే రెండు గిన్నెల అన్నం పెట్టేశాను. ఆకలితో ఏడుస్తున్నదాన్ని, తిన్నాక కూడా మారాం ఏమిటని కోప్పడ్డాను. మర్నాడు దానికి క్షమాపణ చెప్పుకుందామంటే అది ఏదో తెలియలేదు. అచ్చాయమ్మగారు ఒకమాటన్నారు: "ముగ్గుర్ని సాకడానికేముంది బాబూ, సాకేయచ్చు. ఎవర్ని సాకామో గుర్తెట్టుకోవడమే కష్టమండి."

అయినా అక్కా, ఒకతి తుమ్మితే చాలు, మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. వాళ్ల నవ్వు చూసి తుమ్మినది కూడా నవ్వుతుంది. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకీ తెలియదు. నేను కింద మోటారు విప్పుతూ అది విని ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, వచ్చిన రైతులు నాకేదో అయిందనుకునేవారు. ఇప్పుడు ఇద్దరే కదా, పని మూడోవంతు తగ్గాలి. తగ్గలేదు. ఎక్కడ పోతోందో అంతుచిక్కడం లేదు.

ఈ గొడవ పడలేకే వాళ్ల మణికట్లకి దారాలు కట్టాను. మా పనిలో త్రీఫేజ్ కరెంటుకి మూడు రంగులు. అదే వరసలో అఖిలకి ఎరుపు, కోమలకి పసుపు, ఊర్మిళకి నీలం. "పిల్లలురా, మోటార్లు కాదు" అని నువ్వు నవ్వావు, బావగారు మాత్రం మెచ్చుకున్నారు. మా పనిలో ఇంకొకటి కూడా ఉంది, అది అప్పుడు చెప్పలేదు. రెండు రంగుల తీగలు తారుమారైతే మోటారు ఆగిపోదు. చక్కగా తిరుగుతుంది, కాకపోతే వెనక్కి తిరుగుతుంది. చప్పుడు విన్నవాడికి తేడా తెలియదు, దగ్గరికి వెళ్లి చూడాలి.

మీరు ఊర్మిళను తీసుకెళ్లడానికి వచ్చిన పొద్దున గుర్తు తెచ్చుకో. కొన్నాళ్లు మీ దగ్గర అలవాటు చేసుకుని, తర్వాత దత్తత కాగితాలు రాయించుకుందాం అనుకున్నాం. పాత దారాలు మాసిపోయాయని కత్తిరించేసి, ముగ్గురికీ తలంట్లు పోసి, తువ్వాళ్లు చుట్టి మంచం మీద కూర్చోబెట్టాను. కొత్తవి కట్టబోతుంటే కింద బావగారి కారు హారన్ మోగింది. మిమ్మల్ని తీసుకుని పైకి వచ్చాను. నువ్వు బిస్కెట్ల పొట్లం పట్టుకుని గుమ్మంలోనే "మా ఊర్మిళమ్మ ఎవరే?" అన్నావు. ముగ్గురూ "నేనే" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వుల్లో కట్టిన దారాలు అవి. ముఖం చూసి కట్టానో, బిస్కెట్ కోసం అందరికన్నా ముందు మంచం దిగినదాని చేతికి నీలం కట్టేశానో, ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తుకు రావడం లేదు. రమ్య చూసి ఉంటే పట్టేసేది. కూర మాడిపోతుందని చెప్పి తను వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ పూట మన విస్తళ్లలో కూరే లేదు, నువ్వు గమనించావో లేదో.

నీ దగ్గర ఉన్నది ఊర్మిళ కాదక్కా. కోమల.

మొన్న ఆదివారం గుడివాకలంక చెరువుకి మోటారు బిగించడానికి వెళుతూ, రమ్యకి కాస్త నిద్ర దక్కుతుందని ఇద్దరినీ ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాను. గట్టు మీద నీడలో చేపల ట్రే ఒకటి బోర్లించి ఉంటే, తిప్పి, కడిగి, తువ్వాలు పరిచి అందులో కూర్చోబెట్టాను. అంతకుముందు ముగ్గురినీ అలాగే కూర్చోబెట్టేవాణ్ణి, సరిగ్గా సరిపోయేవారు. మొన్న ఇద్దరే కదా, కాళ్లు చాపుకుని హాయిగా కూర్చుంటారనుకున్నాను. చెరో మూలకి ఒదిగి, మధ్యలో ఖాళీ వదిలి కూర్చున్నారు. ఏరేటర్ నీళ్లు ఎగజిమ్మితే ఇద్దరూ చప్పట్లు కొట్టి, ఆ ఖాళీ వైపు చూశారు.

పసుపు దారం ఉన్నదాన్ని అడిగాను, "కోమీ, కోమి ఏదమ్మా?" అని. అది ఖాళీ మీద చెయ్యి వేసింది. "మరి ఊమి ఏది?" అన్నాను. తన గుండె మీద తట్టుకుంది. ఇన్నాళ్లూ కోమీ అని పిలిస్తే వచ్చింది, అన్నం తింది, స్నానం చేసింది. పోనీలే, నాన్నకి తెలియదు అనుకుందేమో పాపం.

ఇంటికి వచ్చి రమ్యకి చెప్పాను. తను బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకు రెండో రోజే తెలిసిందండీ" అంది.

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటారు? తెలిసిన నిమిషంలో నాకేమనిపించిందో తెలుసా? అయ్యో, వెళ్లాల్సింది ఊర్మిళ కదా అనుకున్నాను. కన్నతల్లిని, అలా అనుకున్నాను. పక్కనే అది బొమ్మకి జడేస్తూ కూర్చుంది. అప్పట్నుంచి దాని ముఖంలోకి చూడలేకపోతున్నానండీ."

చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఏవండీ, ఒక్కటి అడుగుతాను. మీరు చూసుకోక పంపారా, తెలిసి పంపారా?"

తనకి చెప్పనిది నీకు రాస్తున్నాను. కారులో నీ ఒడిలో పడుకోబెట్టడానికి వంగినప్పుడు, ఆ పిల్ల చెయ్యి నా ఎడమ చెవి మీదికి వచ్చింది. వేళ్లతో తమ్మె పట్టుకుని నలిపింది. ముగ్గురిలో చెవి పట్టుకునేది కోమల ఒక్కతే. నాకు అప్పుడే తెలిసింది. బావగారు ఇంజను కూడా స్టార్ట్ చెయ్యలేదు. "ఆగండి, ఇది కాదు" అంటే సరిపోయేది.

ఎందుకనలేదని నన్ను నేను రోజూ అడుగుతున్నాను. ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తోంది. ఇది కాదు అంటే, వెనక్కి వెళ్లి, తువ్వాలు చుట్టుకుని ఉన్న ఊర్మిళను నా చేతుల్తో ఎత్తుకొచ్చి, ఇదిగో ఇది అనాలి. ఒకసారి ఎంచుకోవడమే నా వల్ల కాలేదక్కా, రెండోసారి ఎలా? అప్పుడలా అనిపించింది. ఇంకోరోజు, నీ ఒడిలోంచి లాక్కుంటే నువ్వేమనుకుంటావో అని ఊరుకున్నానేమో అనిపిస్తుంది. ఏది నిజమో తేలడం లేదు.

ఊర్మిళనే ఎందుకనుకున్నామో నీకు తెలుసు. ఎవరెత్తుకున్నా వెళుతుంది, ఏడవదు, కొత్త చోట ఇమిడిపోతుంది అన్నాం. అంటే, ఏడవని పిల్ల కాబట్టి ఇచ్చేద్దామనుకున్నాం. అప్పుడు తెలివైన మాటలా ఉంది. ఇప్పుడు కాగితం మీద చూస్తే నాకే సిగ్గుగా ఉంది. ఆ ఏడవని పిల్ల ఇప్పుడు నా కాళ్ల దగ్గరే కూర్చుని స్క్రూడ్రైవర్‌తో నేలని గీకుతోంది. అసలు పంపాల్సింది నిన్నేనే అని దానికి తెలియదు, నాకు తెలుసు. పోనీ కోమలనే ఉంచేసుకోమని అందామా అంటే, అది మరీ అన్యాయం. అందరూ మీకు ముగ్గురు కదా అంటారు. మూడులో ఒకటి తీసేస్తే రెండుంటాయి, నిజమే. ఇంట్లో ఆ లెక్క ఎందుకో కుదరడం లేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. మధ్యాహ్నం పడుకోబెడితే నా ఎడమ చెవి తడుముతోందిరా, గుచ్చుకుంటుందని దిద్దు తీసేశాను, ఈ అలవాటు దీనికి ఎక్కడిది అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో.

అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్లు. నీ చెవి పట్టుకుంటేగాని నిద్రపోయేవాణ్ణి కాదని నువ్వే చెప్పేదానివి. గుచ్చుకుంటుందని దిద్దు తీసేసి, రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టుకుని తిరిగావు. కాలేజీకి కూడా అలాగే వెళ్లావు. నీ పెళ్లి ఫోటోలో ఎడమ చెవి జుట్టు చాటున దాచి కూర్చున్నావు, ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ అలవాటు ఎక్కడిదో నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఊర్మిళకి చెవి అలవాటు లేదని కూడా నీకు తెలుసు, ఇక్కడికి వచ్చినప్పుడల్లా ముగ్గురినీ పక్కన వేసుకుని పడుకునేదానివి కదా. తెలిసే అడిగావో, తెలియక అడిగావో, నన్నే చెప్పమని వదిలావో, నాకు అర్థం కావడం లేదు. నేరుగా అడగడానికి ధైర్యమూ లేదు.

దత్తత కాగితాలకి మంచిరోజు చూడనా అని బావగారు అడిగారు. చూడొద్దని చెప్పు. కోమలనీ ఇవ్వలేను, ఊర్మిళనీ ఇవ్వలేను, అఖిలనీ ఇవ్వలేను. నీకు కాదని చెప్పే నోరు నాకు లేదు, అందుకే ఇన్ని పేజీలు చేత్తో రాశాను. నువ్వు నన్ను పెంచినప్పుడు, వీణ్ణి పెంచితే నాకేంటని అనుకోలేదు. నేను మాత్రం నువ్వు అడిగిన ఒక్కటి ఇచ్చి వెనక్కి తీసుకుంటున్నాను. నీకు కోపం వస్తే రావాల్సిందే. కోపం రాకపోతే నేను ఇంకా తట్టుకోలేను.

ఆదివారం పొద్దున్న బస్సుకి నలుగురం వస్తున్నాం. రమ్య వద్దన్నా వినడం లేదు, వదినగారి కాళ్లమీద పడతానంటోంది, నువ్వు పడనివ్వకు. ఊర్మిళను ఊర్మిళా అనే పిలువు, ఇక్కడ ఇన్నాళ్లూ ఆ పేరు వినలేదు. నేను గుమ్మంలోకి రాగానే కోమల నా దగ్గరికి పరుగెత్తుకొస్తుందో, నీ చీర పట్టుకుని దాక్కుంటుందో తెలియదు. ఏది చేసినా మనలో ఒకరికి గుండె కలుక్కుమంటుంది.

ఆ పూటకి దిద్దు పెట్టుకోకు అక్కా. భోజనాలయ్యాక దాన్ని నీ పక్కనే పడుకోబెట్టు. నిద్రపట్టి, అది నీ చెవి వదిలాకే ఎత్తుకుంటాను.

ఇట్లు,
నీ పక్కలో పెరిగిన తమ్ముడు,
ఫణి