ఎండలో పెట్టిన బండి

భివండి, శాంతి నగర్
ఆదివారం

అక్కకూ బావకూ దండం పెట్టి తమ్ముడు రాజేశం రాస్తున్నాడు. మీరంతా కులాసాగా ఉన్నారా? నీ నడుం నొప్పి ఎలా ఉంది? బీడీలు చుట్టేటప్పుడు పొద్దంతా వంగి కూర్చోకు, గోడకు ఆనుకొని కూర్చో. బావ మోకాలు ఇప్పుడెలా ఉంది? పిల్లలు బడికి పోతున్నారా, వానల పేరు చెప్పి ఎగ్గొడుతున్నారా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. రెండు పూటలా తింటున్నాను. నా గురించి దిగులు పెట్టుకోకు.

రెండు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, తప్పు నాదే. ఒక సంగతి ఖాయమయ్యాకే రాద్దామని ఆగాను. అది నిన్న ఖాయమైంది. నేను సాంచాల మీద బట్ట నేసే పని మానేశాను అక్కా. ఇప్పుడు మా సేటు కారుకు డ్రైవర్‌ని.

సేటు కొత్త కారు కొన్నాడు. తెల్ల కారు. మన సిరిసిల్ల వైపు నుంచి ఉత్త చేతులతో వచ్చి, ఒకరి సాంచాలు నడిపి, ఇప్పుడు నలభై సాంచాల యజమాని అయిన మనిషి కదా, ఆ కారంటే ఆయనకు ప్రాణం. నేను ఇంతకుముందు టెంపోలో తానులు వేసుకొని కాశేలి గోదాములకు తిప్పేవాణ్ని, లైసెన్సు ఉంది. అందుకని నన్ను పిలిచి అన్నాడు: "ఏం రాజేశం, బండి నడుపుతవా? మూడు నెలలు చూస్త. రంగు మీద గీత వడ్డా, మరక వడ్డా మళ్ల సాంచాల కాడికే పోవుడు. మంచిదేనా?"

నాకు మంచిది కాక ఏమవుతుంది? ఇక్కడి డాక్టరు, ఈ దూది దుమ్ములో ఉన్నన్నాళ్లూ నీ దగ్గు పోదు, ఊపిరితిత్తులు పాడవుతాయి అని ఎప్పుడో చెప్పాడు. ఆ మాట నీకు రాయలేదు, కోప్పడకు. అప్పటి నుంచి ఆ సాంచాల్లోంచి బయటపడే దారి కోసమే చూస్తున్నాను. అందుకే ఆ కారు రంగు నాకు సేటు కంటే ఎక్కువ ముఖ్యమైంది.

ఇక్కడి కూడలి దగ్గర బండ్లకు పాలిష్ చేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి మైనం పాలిష్ ఎలా పట్టించాలో నేర్చుకున్నాను. ముందు నీళ్లు ధారగా పోసి మట్టి వదిలించాలి. నీడలో పెట్టి, స్పాంజితో పలుచగా, గుండ్రంగా రాయాలి. అది తెల్లగా ఆరిన తర్వాత మెత్తని గుడ్డతో తుడవాలి. అప్పుడు వాన నీళ్లు రంగు మీద నిలవకుండా ముత్యాల్లా జారిపోతాయి. ఉస్తాద్ పదిసార్లు చెప్పిన మాట ఒకటే: "గాడీ కో ధూప్ సే బచావ్!" బండిని ఎండ నుంచి కాపాడుకో అని. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందట. నేను దాన్ని మంత్రంలా పట్టుకున్నాను.

మొదటి రోజు జరిగింది వింటే నువ్వు నవ్వుతావు. కార్ఖానా పక్కనున్న రేకుల షెడ్డులో కారు పెట్టి మైనం రాశాను. ఆరడానికి వదిలి చాయ్ తాగి వచ్చేసరికి సాంచాల నుంచి ఎగిరిన దూదంతా వచ్చి దానికి అతుక్కుంది. కార్ఖానాలోని మావాళ్లు తలుపు దగ్గర నిలబడి ఒకటే నవ్వు. "రాజేశం, బండికి గడ్డం మొలిచిందిరా, మంగలిని పిలువు" అన్నాడొకడు. చేసేదేం లేక సబ్బు నీళ్లతో మైనం మొత్తం కడిగేశాను. ఇక్కడ శుక్రవారం కరెంటు ఉండదు, సాంచాలు ఆగుతాయి. అప్పుడే మళ్లీ రాద్దామనుకున్నాను.

ఆ మంగళవారమే సేటు నూలు కొనడానికి సూరత్ పోయాడు. కొన్న రోజు కారుకు నిమ్మకాయలు తొక్కించి, పూలదండ వేసి ఊరుకున్నాడు గానీ, పసుపు, కుంకుమ రంగుకు తగలనివ్వలేదు. అది వాళ్ల అమ్మకు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆమెను మేమంతా అవ్వ అంటాం. ఆయన అటు పోగానే గిన్నెలో నూనె, పసుపు కలుపుకొని షెడ్డులోకి వచ్చింది.

"బిడ్డా, ఆ థానే రోడ్డు మీద లారీలు ఎట్ల ఉరుకుతయో నువ్వు చూస్తవు గద. నా కొడుకు వాటి నడుమ తిరుగుతడు. ఒక్క చెయ్యి పెట్టనియ్యి. ఒక్క దినం ఉంచి కడిగెయ్యి, వానికి చెప్పకు."

ఎలా కాదంటాను? బ్యానెట్టు నడిమధ్య అయిదు వేళ్లూ ఆనేలా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. తెల్లారి కడిగితే పసుపు పోయింది, చెయ్యి పోలేదు! తెల్ల రంగు మీద పచ్చగా అయిదు వేళ్లూ అలాగే ఉన్నాయి. అంతకుముందే మైనం కడిగేశాను కదా, రంగుకు అడ్డం ఏమీ లేక నూనె పసుపు పట్టేసింది. సబ్బుతో రుద్దాను, పోలేదు. గట్టిగా రుద్దితే గీతలు పడతాయని భయం. శుక్రవారం మైనం రాస్తే పోతుందేమోనని చూశాను. పోవడం అటుంచి, ఆ చెయ్యి అద్దంలో బొమ్మలా మెరిసింది. దాని మీద గుడ్డ కప్పేసి కూర్చున్నాను. సేటు వచ్చేది ఆదివారం సాయంత్రం.

అవ్వ వచ్చి చూసి ఏడ్చింది. "నేనే పెట్టిన్నని చెప్త" అంది. చెబితే ఆమెను ఎన్ని మాటలంటాడో, ఆపనందుకు నన్ను ఎక్కడికి పంపుతాడో ఇద్దరికీ తెలుసు. నాకైతే అప్పుడే చెవుల్లో సాంచాల మోత మొదలైంది.

ఆ మధ్యాహ్నం ఖానావళిలో అన్నం ముందు ఊరికే కూర్చున్నాను. ఖానావళి అంటే నేను నెలవారీగా తినే పూటకూళ్ల ఇల్లు, మన కోరుట్ల వైపు నర్సక్క నడుపుతుంది. ఏమైందని అడిగితే మొత్తం చెప్పాను. గరిటె పట్టుకొనే తిట్టింది.

"నీకు అన్నం పెట్టుడు దండుగ. అంగీ మీద పప్పు వడితే ఎండల ఆరేస్తే పోదా? పసుపు ఎండకు నిలువదుర. బండిని గుడ్డకింద దాస్తే ఎట్ల పోతది?"

ఎండ తగలకూడదని మూడు రోజులుగా నేనే ఆ మరకను భద్రంగా కాపాడుతున్నాను! కానీ అక్కా, ఎండ ఏదీ? వారం రోజులుగా ముసురు. శనివారమంతా ఆకాశం చూస్తూనే ఉన్నాను. చుక్క ఎండ లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మబ్బు విచ్చింది. శాంతి నగర్ గల్లీల్లో ఎండ వచ్చినా నేల మీద పడదు, ఇళ్లు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని కారు తీసి కాశేలి గోదాము ముందున్న ఖాళీ జాగాకు బయలుదేరాను. "నేనొస్త" అని అవ్వ వెనక సీట్లో ఎక్కింది. కొడుకు కారు కొన్నాక ఆమె అందులో కూర్చోవడం అదే మొదటిసారి. దారంతా ముందు సీటును గట్టిగా పట్టుకొని, లారీ ఎదురైనప్పుడల్లా దేవుణ్ని తలుచుకుంటూ కూర్చుంది.

గోదాము ముందు కారు పెట్టి, మేమిద్దరం అరుగు మీద నీడలో కూర్చున్నాం. అవ్వ గంటకోసారి లేచి చూసి వచ్చేది. "చిటికెన వేలు పోయింది" అనేది. కాసేపటికి "బొటనవేలు కనవడ్తలేదు" అనేది. మధ్యలో ఒక మబ్బు వచ్చి ఎండ ఆగితే అది కదిలేదాకా ఇద్దరం అరుగు దిగి పైకి చూస్తూ నిలబడ్డాం. ఆమె తెచ్చిన జొన్నరొట్టె చెరి సగం తిన్నాం. చిన్నప్పుడు మీ అమ్మ నీకేం వండేది అని అడిగింది. నన్ను పెంచింది మా అక్క అని చెప్పాను. నీ గురించి చాలా అడిగింది. మూడు దాటేసరికి బ్యానెట్టు పాలలా తెల్లగా ఉంది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకొని నవ్వింది.

సాయంత్రం భివండి రోడ్ స్టేషన్ నుంచి సేటును తీసుకొచ్చాను. దిగి కారు చుట్టూ తిరిగాడు, బ్యానెట్టు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు, మెరుపు బాగుందన్నాడు. అక్కడితో ఆగలేదు కథ. ఆరు రోజులు గడిచాక, నిన్న అందరూ భోజనం చేస్తుండగా అవ్వే మొత్తం చెప్పేసింది. కడుపులో దాచుకోలేకపోయింది పాపం. సేటు చెయ్యి కూడా కడగకుండా షెడ్డుకు వచ్చాడు. "ఏడరా, ఏడ?" అంటూ వంగి, పక్కకు జరిగి, టార్చి వేసి వెతికాడు. నేను చోటు చూపించినా ఏమీ కనిపించలేదు.

"నువ్వెందుకు ఆపలె?" అన్నాడు.

"అవ్వ చెయ్యి నేనెట్ల పట్టుకుంట సేటు?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

సేటు టార్చి ఆర్పేశాడు. తర్వాత అన్నాడు: "నీ సాంచాలు రేపటి నుంచి వేరేటోళ్లకు ఇస్తున్న. మూడు నెలలు చూసుడు లేదు, ఏం లేదు. బండి నీదే. ఆదివారం ఆదివారం అవ్వను తిప్పుకరా."

సాంచాల దగ్గర తన చోటు పోయిందని ఇంత సంతోషపడినవాణ్ని నన్నొక్కణ్నే చూస్తావు అక్కా.

ఒక చిన్న పని చేసి పెట్టు. బావ పాత పంచెలు, ఉతికి ఉతికి మెత్తబడినవి, రెండుంటే ఇటు వచ్చేవాళ్లతో పంపించు. ఇంత బట్ట నేసే ఊళ్లో కారు తుడవడానికి మెత్తని గుడ్డ దొరకదు. ఇక్కడిదంతా గంజి పెట్టిన పచ్చి బట్ట, రంగును గీకుతుంది. ఇప్పటిదాకా నా లుంగీ చింపి వాడుతున్నాను. వీలైతే చింతకాయ తొక్కు కూడా కొంచెం పంపు, నర్సక్క తొక్కులో ఉప్పెక్కువ. ఈ మాట ఆమెదాకా రానివ్వకు.

అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ దీవెన నా మీద ఉండనివ్వండి.

దగ్గు తగ్గిందని పోయిన మూడు ఉత్తరాల్లోనూ రాశాను. అవి నువ్వు భయపడతావని రాసిన అబద్ధాలు, దగ్గుతూనే రాశాను. ఈ ఉత్తరం మొదలుపెట్టి గంట దాటింది. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.

నువ్వు పెంచిన తమ్ముడు,
రాజేశం