ఆరో పుటలో లేని సంతకం

పై కోర్టు రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య అప్పీలును, ఆమె మరణానంతరం, నా సంతకంతో స్వీకరించుట గురించి.

అప్పీలు దాఖలుకు సోమవారం ఆఖరి రోజు. ఉదయం నా భార్య మంచం మీదే దిండుకు ఆనుకుని కాగితాలపై సంతకాలు చేసింది. "తొందరగా వెళ్ళండి, లైనుంటుంది," అంది. మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది. కౌంటరులోని గుమాస్తా గారు పుటలు తిప్పి, "ఆరో పేజీలో సంతకమేదండీ? రెండు పేజీలూ అంటుకుపోతే చూసుకోవద్దూ మాస్టారూ! సాయంత్రంలోగా పెట్టించుకు రండి," అన్నారు. ఇంటికి వెళ్ళాను. అప్పటికే ఆమె పోయింది.

పక్కనే కూర్చున్న ఆమె తమ్ముడు, "బావా, చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వేలిముద్ర వేయించేద్దాం. అక్క కోసమేగా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

1. నా భార్య గిడ్డంగిలో గుమాస్తా. సరుకు విడుదల చీటీపై అధికారి సంతకం తానే పెట్టిందంటూ ఉద్యోగం నుంచి తొలగించారు. కింది కోర్టు అదే నమ్మింది. తీర్పులో "ఫోర్జరీ చేసినది" అన్న ఆ ఒక్క వాక్యాన్ని కొట్టివేయించుకోవడానికే ఈ అప్పీలు. అటువంటి మనిషి చేత, పోయాక, దొంగ ముద్ర వేయించలేకపోయాను.

2. కర్మకాండ ముగిశాక అవే కాగితాలు కౌంటరులో ఇవ్వగా, గడువు మీరినదనీ, అప్పీలుదారు స్వయంగా హాజరై జాప్యానికి కారణం తెలుపవలెననీ వ్రాసి కాగితాలు వాపసు చేశారు. సదరు అప్పీలుదారు హాజరు కాజాలదు. కారణం పైన మనవి చేసియున్నాను.

3. ఉద్యోగం తిరిగి ఇప్పించమని కోరడం లేదు. చేసే మనిషి లేదు. ఆ వాక్యం మాత్రం ఆమెతో పోలేదు.

4. కోర్టు నుంచి వచ్చిన ప్రతిసారీ, నేను చెప్పులు విడిచేలోగా "ఏమన్నారండీ?" అని లోపలి నుంచి అడిగేది. ఇప్పుడు చెప్పులు విడిచి గుమ్మంలోనే కాసేపు నిలబడుతున్నాను. ఈ అంశం అప్పీలుకు సంబంధించినది కాదు. కొట్టివేయగలరు.

కావున జాప్యాన్ని మన్నించి, వారసుడిగా నన్ను ఆమె స్థానంలో చేర్చి, అప్పీలు స్వీకరించేలా ఆదేశించ ప్రార్థన. మరణ ధ్రువపత్రం జతపరిచాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అప్పీలుదారు భర్త

తా.క. రేపు ఉదయం కౌంటరు తెరిచేసరికి వస్తాను. ఆరో పుటలో ఆమె సంతకం చోటు ఖాళీగానే ఉంచి, దాని కింద గుమాస్తా గారి ఎదుటే నా సంతకం పెడతాను. ఎవరిదని అడిగితే, నాదేనని చెబుతాను.