మెదక్ బస్సులో పదిహేడో సీటు

చిలకలగూడ, సికింద్రాబాద్
19 నవంబరు 2025, బుధవారం

చిరంజీవి తిరుమల్‌కు,

మీ దేవానందం సార్ భార్య ప్రేమమణి, ప్రభువు నామమున నీ మేలు కోరి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ మీ అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నిన్న సాయంత్రం డ్రైవర్ యేసుదాసు నీ కబురు తెచ్చాడు. ఆదివారం నువ్వు గైడుగా వెళ్ళిన మెదక్ టూరు బస్సులో పదిహేడో సీట్లో కూర్చున్న ముసలామె ఎవరో, నేను దిగిపోయాక అతను చెబితే గానీ నీకు తెలియలేదట. అప్పటినుంచీ ఒకటే పరేషాన్‌లో ఉన్నావట. "అమ్మకు తక్లీఫ్ అయితే సార్ చెప్పిన ముచ్చట్లన్నీ బంద్ చేస్త, ఒక్క మాట అడిగి రా" అని పంపావట. వచ్చే ఆదివారంలోగా జవాబు కావాలన్నాడు. ఫోనులో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఆయన మార్చిలో పోయారు. ఎనిమిది నెలలైంది, నాకు ఇంతవరకు ఏడుపు రాలేదు. సమాధుల తోటలోనూ రాలేదు. గుండె దిటవు గల మనిషినని మా సంఘం ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. దిటవూ లేదు, గిటవూ లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే బుగ్గ మనది కానట్టు ఉంటుంది చూడు, అలా ఉంది. మోండా మార్కెట్‌కు వెళ్తాను, కూరలు తెస్తాను, వండుతాను, తింటాను. ఉప్పు వేశానో లేదో తెలియదు. ఆదివారం ఆరాధనకు రాలేనని పాస్టరు గారికి మోకాళ్ళ నొప్పి చెప్పాను. అవే మోకాళ్ళతో మెదక్ కోట ఎక్కాను.

నువ్వు మైకు పట్టుకొని మాట్లాడటం షురూ చేయగానే నేను ఉలిక్కిపడాలి. పడలేదు. గొంతు నీది, మాటలు ఆయనవి. టీ కోసం ఆపినచోట కోతుల ముచ్చట, చర్చిలో రంగుటద్దాల ముందు నిలబెట్టి ఎండ వచ్చేదాకా ఆగమనడం, అన్నీ ఆయనవే. గైడు పని పుస్తకాల్లో చదివితే రాదు, పక్కసీట్లో కూర్చుంటే వస్తుందని ఆయన అనేవారు. నువ్వు రెండేళ్ళు కూర్చున్నావు, నేర్చుకున్నావు. దగ్గు కూడా నేర్చుకున్నావు. రంగుటద్దాల దగ్గర ఆయన దగ్గింది సిగరెట్ల వల్ల నాయనా, చరిత్ర వల్ల కాదు.

ఇక కోట మీద, ఫిరంగి పక్కన నిలబడి ఆయన ముచ్చటే నీదన్నట్టు చెప్పావు. "లగ్గమైన వారానికే మా ఇంటామెను ఈడికి తీస్కొచ్చిన. రాజులు, యుద్ధాలు, అర్ధగంట చెప్పిన. అంతా ఇని ఆమె ఏమడిగిందో ఎర్కేనా? ఇంత ఎత్తుల కట్టిర్రు గదా, నీళ్ళెవరు మోసిర్రు అని." అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను, నోరు తెరిచినట్టు గుర్తు. పెళ్ళికాని పిల్లాడివి, మీ ఆవిడ ఏం చేస్తుందని వెనకనుంచి ఒకావిడ అడిగితే బ్యాంకులో ఉద్యోగమన్నావు. దేవుడు నిన్ను క్షమించుగాక.

పోచారం చెరువు దగ్గర అందరూ ఫోటోలు దిగుతుంటే నేను గట్టు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుకున్నాను. ఎవరో జింక అన్నారు. నేను తలెత్తేసరికి లేదు. నీళ్ళు చూశాను. బాగానే ఉన్నాయి. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు నువ్వడిగినదానికి వస్తాను. ఆయన ఉత్తరం ముక్క రాసే మనిషి కాదు. ఇంట్లో మాటలూ తక్కువే. ఆరు రోజులు గొంతు దాచుకొని ఏడో రోజు బస్సులో విప్పేవారు. ఆయన మాటలు నా దగ్గర లేవు తిరుమల్, నీ నోట్లోనే ఉన్నాయి. నువ్వు బంద్ చేస్తే ఇంకెక్కడా దొరకవు. కాబట్టి కోతుల ముచ్చట ఉంచు, రంగుటద్దాలు ఉంచు. దగ్గు మానెయ్. కోట మీద చెప్పేదాని గురించి మాత్రం నాకింకా మనసు తేలలేదు. తేలితే కింద రాస్తాను.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
దీవెనలతో,
ప్రేమమణి

తా.క.: ఆ ముచ్చట అబద్ధం. ఆయన నన్ను ఆ కోటకు ఎన్నడూ తీసుకుపోలేదు. ఆయన గైడుగా తిరిగిన ఇరవై ఆరేళ్ళలో, సీట్లు ఖాళీగా పోయిన రోజున కూడా, రమ్మనలేదు. మొన్న ఆదివారమే నేను మొదటిసారి చూడటం. కానీ ఆ ప్రశ్న నాదే. పెళ్ళైన వారానికి సీతాఫల్‌మండిలో మూడో అంతస్తు మీద గది చూపించారు. కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయని ఒకటే మురిసిపోయారు. నల్లా చూస్తే కింద వాకిట్లో ఉంది. ఇంత ఎత్తుకు నీళ్ళెవరు మోస్తారండీ అని అడిగాను. ఆయన రైళ్ళ వంకే చూస్తూ ఆ గదే ఖాయం చేశారు, అందులోనే కాపురం పెట్టాం. వినలేదనుకున్నాను. విన్నారన్నమాట. విని, ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం ఊరందరికీ చెప్పారు, నాకు తప్ప. రాస్తుంటే కోపం వస్తోంది. ఎనిమిది నెలల్లో ఏదో ఒకటి రావడం ఇదే మొదలు, రానీ. ఆ ముచ్చట తీసేయకు. వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆగి జవాబు కూడా చెప్పు. పదకొండేళ్ళు ఆమే మోసిందని చెప్పు.