గేటుకి అడ్డంగా బండి

జూలై 3, గురువారం

పక్క ఫ్లాట్ బాలనర్సయ్య గారు కొత్త పికప్ ట్రక్ కొన్నారు. బండి అనాలో ఓడ అనాలో తెలియడం లేదు. షేక్‌పేటలో ఆయనకి నర్సరీ ఉంది. షూటింగులకి, జూబ్లీహిల్స్ బంగళాలకి మొక్కలు సప్లై చేస్తారు. సెట్‌లో తెల్లారేసరికి తోట మొలవాలంటే ఆయనకే ఫోన్ వెళ్తుంది. కాబట్టి బండి ఆయనకి అవసరమే. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కే అక్కర్లేదు. ముక్కు గోడకి కాస్త ఎడంగా ఆపుతున్నారేమో, తోక నా గ్రౌండ్ ఫ్లోర్ పెరటి గేటు ముందుకి వస్తోంది. అది బయటికి తెరుచుకునే గేటు. ఇప్పుడు సగమే తెరుచుకుంటోంది.

ఆ సగంలోంచి నేను పడతాను. చిన్ని పట్టదు. గ్రేట్ డేన్ కుక్క మరి. తెచ్చిన రోజు ఒళ్లో ఇమిడిపోయిందని ఆ పేరు పెట్టాను. ఇప్పుడు నిలబడే డైనింగ్ టేబుల్ మీద గడ్డం ఆనిస్తుంది.

జూలై 5

లిఫ్ట్ దగ్గర దొరికిపోయాను. డబ్బింగ్‌కి లేటవుతోందన్నా వదల్లేదు. రెండు నిమిషాలే అన్నారు బాలనర్సయ్య గారు. ఆయన నిమిషాలు వేరే.

బండి వెనక భాగమంతా టూర్. వెనక తలుపు వదిలేస్తే దబ్బున పడదట. వదిలి చూపించారు. లిఫ్ట్ దిగినట్టు మెల్లగా దిగింది. లోపల నేలంతా డ్రాయర్‌లాగా బయటికి వస్తుంది. కుండీ కోసం లోపలికి పాకక్కర్లేదు. గోడల్లో గాడులున్నాయి. వాటిలో చెక్క పలకలు దింపితే గదులు తయారవుతాయి, కుండీలు దొర్లవు. అంచు కింద లైట్లు. ఒక మూల మన ఇంట్లో ఉన్నట్టే త్రీ పిన్ సాకెట్. పైన మడత పెట్టుకునే కాన్వాస్ టాప్. నేల మీద గరుకుగా రబ్బరు కోటింగ్. చెయ్యి పెట్టి చూడమన్నారు. చూశాను.

చాలా బాగుందండీ, ఈ తోకొక్కటి కాస్త అటు జరిపితే ఇంకా బాగుంటుంది అన్నాను. ఆయనకి వినపడలేదు. వంగి, అడుగున నీళ్లు పోయే బిరడా చూపించారు.

జూలై 9

సగం గేటులోంచి దూరబోయి చిన్ని డొక్కని గడియకి గీరుకుంది. చిన్న గీతే. కానీ నాకు ఒళ్లు మండింది. అసోసియేషన్ సెక్రటరీ కాశీవిశ్వనాథం గారికి కంప్లైంట్ రాసిచ్చాను. బాలనర్సయ్య గారు బండిని వేరే చోట పెట్టుకోవాలి, అంతే. సెక్రటరీ గారు ఇరవయ్యో తారీకు మీటింగ్‌లో పెడతానన్నారు. ఆయన మొహంలో ఉత్సాహం చూస్తే నాకే అదోలా అనిపించింది.

జూలై 11

ఇవాళ ట్రక్ లేదు. గేటు పూర్తిగా తెరుచుకుంది. ఎంత హాయి.

జూలై 15

నా కంప్లైంట్ నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పేరుతో సహా. బాలనర్సయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకుని చదివారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన బండి గురించి ఏమీ చెప్పలేదు. మొదటిసారి.

జూలై 18, శుక్రవారం, సాయంత్రం

శ్రీనగర్ కాలనీ, పెట్ హాస్పిటల్. డబ్బింగ్ పేపర్ల వెనక రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యకుండా ఇక్కడ కూర్చోలేను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక చిన్ని కుదురుగా లేదు. హాల్‌లో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగింది. వాంతి చేసుకోవాలని చూసింది. ఏమీ రాలేదు. మళ్లీ చూసింది. నురగ, అంతే. పొట్ట మీద చెయ్యి వేస్తే డప్పులా ఉంది. డాక్టర్ గీతికకి ఫోన్ చేశాను. నేను సగం చెప్పేలోపే, చిన్నికి కడుపు మెలిపడింది, ఉన్నపళంగా తీసుకురండి అంది. గంటలు కూడా లేవు అంది. పొట్ట మీద ఒత్తిడి పడకూడదు అంది.

బయట కుండపోత. నా కారు చిన్నది. చిన్నిని రెండుగా మడిస్తే గానీ వెనక సీట్లో పట్టదు. అప్పటికే అది కాళ్ల మీద నిలబడలేకపోతోంది. పెట్ క్యాబ్ వాడు వానలో రానన్నాడు.

పెరట్లోకి పరిగెత్తాను. సగం గేటులోంచి బయటపడ్డాను. ఎదురుగా ట్రక్. బాలనర్సయ్య గారు క్రోటన్ కుండీలు దింపుతున్నారు.

నా గొంతుతో ఎంతమంది హీరోయిన్లు కాపాడండి అని అరిచారో లెక్కలేదు. ఇప్పుడు ఆ హీరోయిన్ల తల్లుల ఏడుపులూ నావే. ఇవాళ నాకు నోరు పెగల్లేదు. ఆయన ముందు నిలబడి వెనక్కి వేలు చూపించాను.

గేటులోంచి లోపలికి తొంగి చూశారు. నా వెనకే వరండా దాకా వచ్చి పక్కకి పడిపోయిన చిన్నిని చూశారు. ఆయన మొహంలో రంగు పోయింది. ఒక్క క్షణం అలా ఆగారు. కంప్లైంట్ గుర్తొచ్చిందేమో అనుకున్నాను. నిజం, అదే అనుకున్నాను.

"దుప్పటి తేండ్రి మేడమ్. మందంది తేండ్రి."

నేను దుప్పటి తెచ్చేలోపు మిగిలిన కుండీలు వానలో నేల మీదికి వచ్చేశాయి. బండిని కాస్త ముందుకి జరిపి గేటు బార్లా తీశారు. వెనక తలుపు చప్పుడు లేకుండా దిగింది. బండి నేల మొత్తం బయటికి జారి వచ్చి మా నడుం ఎత్తులో నిలబడింది. వాచ్‌మన్, ఆయన, నేను ముగ్గురం దుప్పటి పట్టుకుని చిన్నిని ఎత్తాం. ఆయన తోక వైపు పట్టుకున్నారు. మొహం అటు తిప్పుకున్నారు. వాసనకేమో అనుకున్నాను. నెట్టగానే నేలతో పాటే చిన్ని లోపలికి వెళ్లిపోయింది. దాన్ని వంచలేదు, లాగలేదు. రెండు వైపులా పలకలు గాడుల్లోకి దింపారు. కాన్వాస్ టాప్ లేచింది. నేను చిన్ని తల దగ్గర కూర్చున్నాను.

దారిలో సగం రోడ్లు నీళ్లే. కార్లు ఆగిపోయి ఉన్నాయి. ఈ బండి ఎత్తు కాబట్టి వెళ్లింది. మలుపుల్లో నేను దొర్లాను గానీ చిన్ని దొర్లలేదు.

క్యాబిన్ వెనక ఉన్న చిన్న అద్దం జరిపి బాలనర్సయ్య గారు అడుగుతూనే ఉన్నారు.

"ఊపిరి ఉన్నదా?"

ఉంది అన్నాను.

"ఆ అంచు కింద స్విచ్ ఉంటది. లైట్ ఏస్కోండ్రి. సీకట్ల కూసోవద్దు."

వేశాను. చిన్ని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. ఫోన్‌లో చెప్పాను గీతికకి. ఇంకెంత దూరం, త్వరగా రండి అంది.

బాలనర్సయ్య గారు ఆగలేదు. ఈ లైట్లు బ్యాటరీని ఎక్కువ తినవని చెప్పారు. ఈ బండి స్ప్రింగులు బరువుంటేనే మెత్తగా ఉంటాయని చెప్పారు. నేను వింటున్నానో లేదో ఆయనకి అనవసరం. భయానికి మాట్లాడుతున్నారని నాకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక అర్థమైంది. ఆపితే బాగుండదనిపించింది. ఇంకా చెప్పండి అన్నాను.

"నడుమ ఊపిరి సూడుండ్రి మేడమ్. బండి ముచ్చట ఎప్పుడైనా చెప్పుకోవచ్చు."

హాస్పిటల్ మెట్ల దాకా నీళ్లు. వాళ్ల స్ట్రెచర్ పిల్లులకీ పొమరేనియన్లకీ సరిపోయేది. గీతిక గొడుగు కూడా లేకుండా పోర్టికోలోకి వచ్చింది. బండి వెనక్కి తిరిగి పోర్టికో కిందికి వచ్చింది. నేల బయటికి జారింది. గీతిక దాని అంచు మీద చెయ్యి పెట్టి, ముందు గాలి ఇక్కడే తీసేద్దాం, లోపలికి తీసుకెళ్లే టైం లేదు అంది. వెంట్రుకలు తీసే మెషీన్‌కి ప్లగ్ కావాలంది. బాలనర్సయ్య గారు మూల సాకెట్ మూత తీశారు. పైన లైట్, ఎదురుగా నడుం ఎత్తు టేబుల్. పొట్ట పక్కన అరచేతి మేర గొరిగింది. లావు సూది.

బుస్సుమని గాలి.

పుల్లటి వాసన. ఎంతసేపో వచ్చింది. డప్పు మెత్తబడింది. చిన్ని ఒక నిట్టూర్పు విడిచింది. ఆ చప్పుడు ఏ మైకూ పట్టలేదు. పట్టనివ్వను కూడా.

ఇప్పుడు లోపల ఆపరేషన్ జరుగుతోంది.

అదే రోజు, కాస్త తర్వాత

మెలిక విప్పారు. కడుపుని మళ్లీ తిరగకుండా లోపలి గోడకి కుట్టేశారు. గుండె కొట్టుకుంటోంది. రెండు రోజులు గుండెనే చూసుకోవాలట. నాకు ఇప్పుడు ఏడుపొచ్చింది.

జూలై 19

పొద్దున చిన్ని కళ్లు తెరిచింది. నన్ను చూసి తోక ఒక్కసారి నేలకి కొట్టింది. రెండోసారికి ఓపిక లేదు. చాలు.

స్నానానికి ఇంటికొచ్చాను. బాలనర్సయ్య గారు బండి కడుగుతున్నారు. నురగ, రక్తం, వెంట్రుకలు. పైపుతో నీళ్లు కొట్టి అడుగున బిరడా తీశారు. మొత్తం కిందికి పోయింది. బ్రష్ ఇవ్వండి, నేను రుద్దుతాను అన్నాను. ఇవ్వలేదు. చిన్ని లేచిందని చెప్పాను. అవునా, అని ఒక్కసారి అడిగి, మళ్లీ నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. కడిగిన చోటే కడిగారు.

ఆయన భార్య అనసూయమ్మ గారు టీ తెచ్చారు. నా పక్కన అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పారు.

"నీకు తెల్వదు లీలమ్మా. ఆయనకు కుక్కంటే పానం పోతది. సిన్నప్పుడు కరిసింది. బొడ్డు సుట్టూ సూదులు పొడిచిన్రు. గల్లీల కుక్క కనబడితే ఇంకో గల్లీల పోతడు."

నేను నమ్మలేదు. నిన్న చిన్నిని ఎత్తిన చేతులు ఆయనవే కదా అన్నాను.

"రాత్రంతా నిద్రల ఆ చేతులే దులుపుకున్నడు," అన్నారు ఆవిడ నవ్వుతూ. తర్వాత ఇంకొకటి చెప్పారు. బండి తోక నా గేటుకి అడ్డం పెట్టేది అందుకేనట. గేటు సగమే తెరుచుకుంటే చిన్ని ఒక్క ఉరుకున బయటికి రాలేదు కదా. నడుమ బండి ఉంటే ఆయనకి ధైర్యం.

టీ చల్లారిపోయింది. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. నిన్న వరండాలోకి చూసి ఆయన ఆగిన ఆ క్షణం ఏమిటో ఇప్పుడు తెలిసింది. దాన్ని నేనేమనుకున్నానో కూడా గుర్తొచ్చింది.

జూలై 20, ఆదివారం

మీటింగ్. కాశీవిశ్వనాథం గారు టేప్‌తో బండి పొడవు కొలిపించి మరీ వచ్చారు. ఎంత బయటికి వచ్చిందో చదివారు. బాలనర్సయ్య గారు వెనక కుర్చీలోంచి, రేపటి నుంచి బండి నర్సరీలోనే పెట్టుకుంటానని తనే అనేశారు. వాదించలేదు.

నేను లేచాను. తప్పు బండిది కాదు, గేటుది అన్నాను. బయటికి తెరుచుకునే గేటు ఈ ఇరుకులో ఎవరు పెట్టమన్నారు? పక్కకి జరిగే గేటు పెట్టిస్తున్నాను, పని రేపే మొదలు, బండి ఉన్నచోటే ఉండాలి అన్నాను. కాశీవిశ్వనాథం గారు కంప్లైంట్ మీదే కదండీ లీలగారూ అన్నారు. నాదేనండీ, అందుకే నేనే తీసుకుంటున్నాను అన్నాను.

ఆయన పాపం చాలా నిరాశపడ్డారు. టేప్ చుట్టుకోవడానికే చాలాసేపు పట్టింది.

బయటికొచ్చాక బాలనర్సయ్య గారు నా వైపు రాకుండా గేటు దగ్గరికి వెళ్లారు. వంగి కింద నేల చూశారు. కొత్త గేటు జరిగే ఇనుప పట్టా నేల మట్టానికి దింపమన్నారు. లేకపోతే చిన్ని కాలికి తగులుతుందట. ఆయన నోట చిన్ని పేరు వినడం అదే మొదలు.

జూలై 24

చిన్ని ఇంటికొచ్చింది. అదే బండిలో. వెనక తలుపులోంచి ఒక మెట్టు కూడా బయటికి వస్తుందట. అది ఇన్నాళ్లూ నాకు చూపించలేదు. కుట్లు ఉన్నాయి కాబట్టి చిన్నికి మెట్టు వద్దని గీతిక ముందే చెప్పింది. దుప్పటితోనే దింపాం. మెట్టు మీదుగా నేను దిగాను. బాలనర్సయ్య గారు ఎట్లుంది అని అడిగారు. చాలా బాగుందండీ అన్నాను. ఈసారి తోక గురించి ఏమీ కలపలేదు.

చిన్ని కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తింటోంది. కుట్లు నాకకుండా మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటు తగిలి కుర్చీలన్నీ పడిపోతున్నాయి. ఇల్లంతా చప్పుడు. వింటూ పడుకున్నాను. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్రపోయాను.

జూలై 29

కొత్త గేటు. వేలితో నెడితే జరుగుతోంది.

ఆగస్టు 4

కుట్లు విప్పారు.

ఆగస్టు 10, ఆదివారం, ఉదయం

బెల్ మోగింది. బాలనర్సయ్య గారు. నర్సరీలో కోతులు దిగాయట. మందార మొగ్గలన్నీ తుంచేస్తున్నాయట. గుమ్మం అవతలే నిలబడి, రెండు చేతులూ వెనక కట్టుకుని, నన్ను దాటి లోపలికి చూశారు.

"చిన్నమ్మా, జర నాతోని వస్తవా?"

నన్ను అడగలేదు. చిన్ని కూడా నా వైపు చూడలేదు. లేచి ఆయన వెంట వెళ్లిపోయింది.