నిమ్మకాయల మీదుగా

నాయనా,

నీ బైకు బతికింది. ఆయుధపూజకు ముందురోజు సింగానల్లూరు వీధుల్లోకి వచ్చిన వరద దాన్ని సీటు దాకా ముంచేసింది. పూజ రోజు నీళ్లు తగ్గగానే మామ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొందరపెట్టాడు.

"కిక్కు కొట్టు పాపా, నల్లనేరం దాటిపోతాది, ఇంత మంచి గడియ మళ్లీ రాదు. స్టార్ట్ కాకుంటే పాత ఇనుముకు వేసేస్తాము."

"వద్దు మామా. ఇంజను నీళ్లు తాగుండాది. ఇప్పుడు కొడితే లోపలంతా పాడైపోతాది."

నువ్వు నేర్పినట్టే ముందు ప్లగ్గు విప్పి, ఆ తర్వాతే కిక్కు కొట్టాను. ఆ రంధ్రంలోంచి బురదనీళ్లు ఎగిరి మామ కొత్త పంచె మీద పడ్డాయి.

"అచ్చం మీ నాయనే!" అని తిట్టాడు. నాకది పొగడ్తలాగే వినిపించింది.

పాలు కలిపిన టీలా మారిన ఆయిలు వంచేశాను. కార్బురేటరు కడిగి, వైర్లన్నీ ఎండబెట్టి, కొత్త ఆయిలు పోశాను. ఈ ఉదయం కిక్కు కొడితే బండి పొగ కక్కి, దగ్గి, చివరికి నిలకడగా మోగింది.

మామ వాడిపోయిన నిమ్మకాయలు తీసేసి కొత్తవి పెట్టాడు. మన ఇంట్లో వాటి మీదుగా బండి నడిపేది ఇంటి పెద్దే కదా. నువ్వు పోయాక అది ఆయన వంతు. ఈసారి మాత్రం తాళం నా చేతిలో పెట్టి, "నువ్వే ఎక్కించు పాపా" అన్నాడు.

ముందుది చితికింది, వెనకది చితికింది. వీధి చివరిదాకా నేను బ్రేకు పట్టలేదు, నాయనా.