గేటు బయట పిలుపు

ఎలూజ్ అక్కకు,
ప్రభువు కృపవల్ల శాంటియాగోలో అందరం క్షేమం. ప్రభుత్వ సాయంతో వచ్చిన ఇల్లు మొన్న చేజారబోయింది. గేటు బయట ఎవరో ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచింది. తెలియని గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని, పలికితే ప్రాణం పట్టుకుపోతుందని మన హైతీలో చిన్నప్పుడే నేర్పారు కదా, నేను పలకలేదు. పక్కింటి ఎర్సీలియా గోడ మీంచి అరిచింది: "ఏమ్మా మిర్లాండ్, చెవుడా? ఆవిడ ఇళ్ల ఆఫీసు మనిషి! ఎవరూ ఉండటం లేదని రాసుకుపోతే ఇల్లు ఇంకొకళ్లకిచ్చేస్తారు!" పరుగెత్తి లోపలికి పిలిచాను. ఆవిడ పొయ్యి మీది అన్నం, పరిచిన పక్కలు చూసి, "ఉంటున్నారు సరే, మూటలు విప్పలేదేమమ్మా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సాయంత్రానికి అన్నీ విప్పాను, ఒక్కటి మాత్రం, ఎప్పుడు పొమ్మంటారో అని, కట్టినట్టే మంచం కింద దాచాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చర్చిలో మా కోసం ప్రార్థన చేయించు, ఎందుకో మాత్రం చెప్పకు. పిల్లలకు దీవెనలు.
నీ చెల్లెలు, మిర్లాండ్