ఈల పీకేసిన పాట్

మోర్వెల్,
మంగళవారం సాయంత్రం

అమ్మా,

ఎర్రమట్టి ఎడారిలో గని కార్మికులందరికీ వండిపెడుతున్న నీకు మార్తీస్ ముద్దులు. ఇక్కడ అమ్మమ్మ, నేను, పిల్లి బాగానే ఉన్నాం. నీ నడుంనొప్పి తగ్గిందనీ, కొత్త మేనేజరు నీ జోలికి రావడం మానేశాడనీ అనుకుంటున్నాను.

బాగానే ఉన్నామని రాశాక మిగతాది రాయడానికి చేయి రావడం లేదు. అందుకే ముందే చెప్పేస్తాను. ఇక్కడ ఒక తప్పు జరిగింది. చేసింది నీ తమ్ముడు సాల్వు మామయ్య.

గోడలకు రంగు చల్లేవాళ్లు వాడి పారేసిన పాత ప్రెషర్ పాట్‌లను మామయ్య చవగ్గా కొన్నాడు. వాటికి కొత్త నల్లరంగు పూసి, ఆదివారం సంతలో మా కీక్యాప్‌ల వాళ్లకు అమ్మాడు. కీబోర్డు మీద పెట్టుకునే బొమ్మల మీటలు చేయాలంటే, రెసిన్ అనే గట్టిపడే ద్రవాన్ని పోసిన అచ్చును పాట్‌లో పెట్టి గాలి కొడతాం. ఆ ఒత్తిడికి లోపలి బుడగలు అణిగిపోయి మీట అద్దంలా వస్తుంది. గాలి హద్దు దాటితే బయటికి వదలడానికి పాట్‌కు పక్కన ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. మామయ్య ఆ వాల్వు పీకేసి, ఆ రంధ్రంలో బోల్టు బిగించి అమ్మాడు.

పోయిన శనివారం నా నేస్తం తుయెత్ వాళ్ల గరాజ్‌లో అలాంటి పాట్ మూత లేచిపోయింది. గాలి కొట్టే కంప్రెసర్ ఆగవలసిన చోట ఆగలేదు. లోపలి గాలి పోవడానికి దారి లేదు. మూత కప్పు రేకును చీల్చుకుని వెళ్లి పక్కింటివాళ్ల నిమ్మచెట్టులో పడింది. సరిగ్గా అప్పుడే తుయెత్ చేజారిన పట్టకారు కోసం వంగింది కాబట్టి ఈరోజు మన మధ్య ఉంది. నీ మెసేజ్‌లకు తుయెత్ ఎందుకు జవాబివ్వడం లేదని అడిగావుగా, ఇదీ కారణం. ఎడమ చెవిలో హోరు ఇంకా తగ్గలేదట, ఫోను తెర చూస్తే కళ్లు తిరుగుతున్నాయట. కోపం మాత్రం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద అరవాలంటే చేయి నొప్పిపుడుతుంది. నిజానికి అరిచే ఓపిక కూడా లేదమ్మా ఇప్పుడు.

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను, మళ్లీ మర్చిపోతాను. అమ్మమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, నోరు ఇంకా బాగుంది. మాస్కు కొన్నావా అన్నావు, కొన్నాను. మందుల షాపులో దొరికేది కాదు, అది దుమ్ముకే పనికొస్తుంది. రెసిన్ ఆవిరిని ఆపాలంటే రెండు బుగ్గల దగ్గరా బొగ్గు డబ్బాలుండే మాస్కు కావాలి. పని కాగానే వాటిని గాలి చొరకుండా మూసి దాచాలి, లేకపోతే ఊరికే పడి ఉన్నా గాలిలోని చెత్తంతా పీల్చేసుకుని పాడవుతాయి. అమ్మమ్మ ఆలివ్‌కాయల సీసా ఒకటి ఖాళీ చేయించి అందులో పెడుతున్నాను. "సీసాలో ఏనుగు ముక్కు దాచుకుంది మా పిల్ల" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. మీటలను గరుకు కాగితంతో పొడిగా రుద్దడం మానేశాను. నీళ్లలో ముంచి రుద్దితే దుమ్ము లేవదు. తాతయ్య ఊపిరితిత్తుల్లోకి కరెంటు కార్ఖానా దుమ్ము పోయినట్టు మన ఇంట్లో ఇంకెవరికీ పోకూడదు.

క్యాంపు వంటగదిలోంచి నువ్వు పంపిన గ్లవ్స్ పెట్టె అందింది. ఎలా చెప్పాలో తెలియక ఆలస్యం చేశాను. అవి రబ్బరువి. వాటితో ముట్టుకుంటే అచ్చులకు మేం వాడే సిలికోన్ గట్టిపడదు. ఒక అచ్చు మొత్తం సగం ఉడికిన కస్టర్డులా జిగటగా ఉండిపోయింది. రెసిన్‌ను అవి ఆపనూ ఆపవు. మాకు కావలసినవి నైట్రైల్ అనే వేరే రకానివి, నీలంరంగులో ఉంటాయి. బాధపడకు. నీ పెట్టె వృథా కాలేదు, అమ్మమ్మ అవి తొడుక్కుని కుందేలు కోస్తోంది.

ఇక మామయ్య సంగతి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు, చేతిలో వైన్ సీసా, ఏమీ జరగనట్టు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఏంటే, కరపత్రాల రాణీ, ఈరోజు ఎవరి మీద సమ్మె?" అన్నాడు.

"మీ మీదే మామయ్యా. తుయెత్ చెవి చూసొచ్చారా?"

"చూశాను. పళ్లు తీసుకెళ్లాను. వాళ్ల కంప్రెసర్ పాతదే పిల్లా, దానికి నేనేం చేస్తాను?"

"కంప్రెసర్ పాతదైతే కాపాడటానికే ఆ వాల్వు. దాన్ని మీరు పీకేశారు!"

"రంగు కొట్టేవాళ్లు ఇరవై ఏళ్లు వాడారు ఆ పాట్‌లు. ఎవడి తలైనా ఎగిరిందా? నీకు లోకంలోని అన్యాయమంతా నా షెడ్డులోనే దొరికిందా?"

"రంగువాళ్లు ఎంత గాలి కొడతారో, మేం ఎంత కొడతామో తెలుసా మీకు? కార్ఖానావాళ్లు తాతయ్యతో అన్నదీ ఇదే. ఇన్నేళ్లు పీల్చారు, ఎవడైనా చచ్చాడా అని!"

అమ్మమ్మ గరిటెతో గిన్నె మీద కొట్టింది. "పోయినాయన్ని ఈ బల్ల మీదికి లాగొద్దు. మీరిద్దరూ అరుచుకోండి, కుందేలు మాత్రం చల్లారిపోతుంది. సాల్వూ, కూర్చో. మార్తీస్, నువ్వూ తిను, తిన్నాక తిట్టు."

మామయ్య కూర్చున్నాడు. రొట్టె తుంచాడు, తినలేదు. తరువాత ఒక మాట అన్నాడు. అది విని నేను లేచి షెడ్డులోకి వెళ్లిపోయాను. ఆ మాట ఇప్పుడు రాయను. కొంచెం ఆగు.

ఆ రోజు నుంచి పాట్‌లు వెతుకుతున్నాను. మా కీక్యాప్‌ల క్లబ్బులో తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, మూతలు తీయించి, కంప్రెసర్ గొట్టాలు ఊడదీసి వచ్చాను. రెండు పాట్‌లు దొరకలేదు. సంతలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు కొనుక్కెళ్లారట. ఒకడికి ఎర్రగడ్డం అన్నది తప్ప మామయ్యకు ఇంకేమీ గుర్తు లేదు. గడ్డముంటే మాస్కు మొహానికి అతకదు, ఆ మాట కూడా అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఈ ఊళ్లో ఎక్కడో, ఏదో గరాజ్‌లో, ఒకడు ఆ బోల్టు పక్కన నిలబడి గాలి కొడుతున్నాడు. ఎక్కడైనా డబ్బా కిందపడిన చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను. నేను పనిచేసే సూపర్‌మార్కెట్‌లో పాల సీసాలు సర్దుతూ ఎర్రగడ్డాల కోసం చూస్తున్నాను. ఒకాయన వెంట బిస్కెట్ల వరస దాకా వెళ్లి, "మీరు కీక్యాప్‌లు చేస్తారా?" అని అడిగాను. "నాకు గొర్రెలున్నాయమ్మా" అన్నాడు పాపం.

ఇక ఆ మాట.

రొట్టె తుంచి మామయ్య మెల్లగా అన్నాడు: "ఆ మొదటి పాట్ నోరు మూయించమని నన్ను అడిగింది ఎవరే, మార్తీస్?"

నేనే అమ్మా.

నా పుట్టినరోజుకు మామయ్య ఇచ్చిన పాట్‌కు వాల్వు ఉండేది. మన కంప్రెసర్ కూడా హద్దు దాటేది, అప్పుడా వాల్వు ఈల వేసేది. అమ్మమ్మ జపమాల పట్టుకున్న ప్రతిసారీ ఈల. పిల్లి పరుపు కింద దూరేది. "మామయ్యా, దీని నోరు మూయించండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను నవ్వుతూ. ఆయన స్పానర్ తెచ్చి, వాల్వు తీసి, బోల్టు బిగించి, "ఇక అరవదు" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. అది నన్ను కాపాడటానికే అరుస్తోందని నాకు తట్టలేదు. తాతయ్య పెట్టెలోని కరపత్రాలన్నీ చదివినదాన్ని, దుమ్ము గురించి ఎవరినైనా నిలబెట్టి కడిగేయగలదాన్ని, నాకు తట్టలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మంచి పాట్ డబ్బున్నవాళ్లకేనా, మనలాంటి ఇళ్ల పిల్లలకు వద్దా అని నాకు మంట. అందుకని నేనే ఒక కరపత్రం రాశాను. 'మన ఊరి పాట్, మన షెడ్డుకు. ఇంట్లో నిద్రపోయేవాళ్లను లేపదు' అని. క్లబ్బు గోడకు అంటించాను. మామయ్య సంత బల్లకూ అంటించాను. చప్పుడు చేయని పాట్ కావాలని అందరూ అడిగారు, మామయ్య అన్నిటికీ బోల్టులు బిగించాడు. తుయెత్ నా మాట మీద కొంది. ఎర్రగడ్డమాయన కూడా నా కాగితం చదివే కొని ఉంటాడు.

అయినా మామయ్య తప్పు తప్పే. ఇనుముతో బతికే మనిషి, ఆ వాల్వు ఎందుకుందో ఆయనకు తెలియకుండా ఉండదు. ఆ మాట పై పేజీలో రాశాను, కొట్టేయను. దాని పక్కన నా పేరు కూడా ఉండాలి, అంతే. నువ్వు ఆయన్ను తిడతావో, నన్ను తిడతావో, ఇద్దర్నీ తిడతావో నీ ఇష్టం. ఒకరిని వెనకేసుకురావడానికి మాత్రం రావద్దు.

నిన్న పనినుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర గుడ్డసంచి ఉంది. మామయ్య సంచే. లోపల ఇత్తడి వాల్వులు, కొత్తవి, ఒక్కోదాని మీదా ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో చెక్కి ఉంది. చీటీ లేదు. అమ్మమ్మ చూసి, "మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే, పొరపాటైందని నోటితో చెప్పేది కాదు" అంది.

కొత్త కరపత్రం రాశాను. ఈసారి తుయెత్‌తో చదివించాను, ఒక మాట కొట్టేసింది. సంతలో, రైల్వేస్టేషన్ దగ్గర, రేడియో సామాన్ల షాపు తలుపు మీద అంటించాను. నీకు ఒకటి ఇందులో పెడుతున్నాను. క్యాంపులో మన ఊరి కుర్రాళ్లున్నారుగా, భోజనాల హాల్లో అంటించు. వాళ్ల తమ్ముళ్లెవరైనా కొని ఉండొచ్చు.

నువ్వు శనివారం ఊళ్లో దిగుతున్నావు. ఆదివారం ఉదయం పది గంటలకు, సంత మైదానంలో మామయ్య బల్ల పెట్టే చోటికి రా. పాట్ కొన్నవాళ్లందరూ మూతలు విప్పి, గాలి కొట్టకుండా పట్టుకురావాలని రాశాను. మామయ్య స్పానర్ పట్టుకుని ఉంటాడనుకుంటున్నాను. లేకపోతే నేను పడతాను. ముందు నా పాట్‌కు కొత్త వాల్వు బిగించి, అందరినీ దూరంగా నిలబెట్టి, అది ఈల వేసేదాకా గాలి కొడతాం. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ప్రతి ఒక్కరూ వినాలి. అమ్మమ్మ జపమాలతో సహా వస్తానంది. తుయెత్ కుడిచెవి ఇటు తిప్పి నిలబడతానంది.

పది గంటలకమ్మా. ఆలస్యం చేయకు.

ఇట్లు,
నీ గయ్యాళి కూతురు
మార్తీస్